ఇసుక సంచి

స్కాన్ కవరు ఇంట్లో లేదని తేలేసరికి పొద్దున ఏడు దాటింది.

బాలేష్ అటక మీద వెతికాడు. పరుపు ఎత్తి చూశాడు. బియ్యం డబ్బా వెనకా, దేవుడి పటాల వెనకా చెయ్యి పెట్టి చూశాడు. అతను వెతికిన చోట్లన్నీ పద్మలత మంచం మీద కూర్చుని కళ్ళతో మళ్ళీ వెతికింది. లేచి వెతకడానికి ఆమెకు వీల్లేదు. ఎడమ మోకాలు ఇరవై రోజులుగా సగం వంగిన చోటే బిగుసుకుపోయింది. చాచబోతే చాచుకోదు, ముడవబోతే ముడుచుకోదు.

ఓదెలు వాకిట్లో గడ్డం గీసుకుంటున్నాడు. కూతురూ అల్లుడూ లోపల పడుతున్న అవస్థంతా వింటూనే ఉన్నాడు. బ్లేడు ఒక్కసారి కూడా ఆగలేదు.

"నాయినా, నువ్వే దీసినవా?" అంది పద్మలత లోపలి నుంచే.

"తీసిన."

అంతే అన్నాడు. అబద్ధం ఆడే అలవాటు అతనికి లేదు. యాభై ఎనిమిదేళ్ళ బతుకులో తన గురించి తాను గొప్పగా చెప్పుకోగలిగింది ఏదైనా ఉంటే అదొక్కటే.

బాలేష్ చేతులు దులుపుకుని గడప దాకా వచ్చాడు. రేపు తొమ్మిదింటికి ఆపరేషన్. ఫిలిం చూడకుండా డాక్టరు కత్తి పట్టడు. ఈ తారీకు తప్పితే మళ్ళీ నెలన్నరకు గాని దొరకదు. పద్మలత కాంట్రాక్టు కండక్టరు. ఇంకో నెలన్నర బస్సెక్కకపోతే డిపో జాబితాలో ఆమె పేరు ఉండదు. ఇవేవీ మామకు తెలియనివి కావు. అయినా బాలేష్ ఒక్కొక్కటే మళ్ళీ చెప్పాడు. గొంతు పెంచలేదు. అతని గొంతు ఎప్పుడూ పెరగకపోవడం ఓదెలుకు మొదటి నుంచీ గిట్టదు.

ఓదెలు అద్దంలోంచి చూపు తిప్పలేదు.

"దాని తల్లికి గూడ గిదే జెప్పిన్రు. చిన్న పనే అన్నరు. గుజ్జు దీసిన్రు. ఆర్నెల్లకు పాడె గట్టిన."

ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో అన్నంతో పాటు వడ్డిస్తున్న మాట అది. తల్లి దుర్గమ్మ మంచాన పడ్డప్పుడు పద్మలత హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతోంది. తల్లికి ఏం జరిగిందో ఆమె కళ్ళతో చూడలేదు. నాయిన చెప్పిందే విన్నది. పెళ్ళయి బాలేష్ ఇల్లరికం వచ్చాక అతనూ వింటున్నాడు.

"నువ్వు రాకున్నా నేను వోత," అంది పద్మలత. "సంతకం బాలేష్ జేస్తడు. గని భయమైతాంది నాయినా. బల్ల మీద పండుకుంటే నాకు నీ మాటే ఇనవడ్తది. ఒక్కపారి పొమ్మను. సాలు."

అడిగింది అంతే. ఓదెలు గడ్డం కింద బ్లేడు పెట్టి, మెడ సాగదీసి, ఒక గీత పూర్తి చేశాక జవాబు చెప్పాడు.

"గిన్నేండ్ల సంది మోకాళ్ళు కోస్తున్న. గుజ్జు దీసిన మోకాలు ఎట్లుంటదో నా చేతికెర్క. నీ డాక్టరుకేమెర్క."

అది ఉత్త మాట కాదు. ముందు సర్కారు కాలేజీలో, ఇప్పుడు మేడ్చల్ దారిలోని ప్రైవేటు మెడికల్ కాలేజీలో, శవాలు కోసే హాల్లో అతను అటెండరు. ప్రొఫెసర్లు మారారు, కాలేజీలు మారాయి. కీళ్ళు శుభ్రం చేసే పని మాత్రం అతని చేతి కిందే ఉంది. తోలు, కొవ్వు, కండ, దాని కింద జిగురు సంచి, అన్నీ ఒలిచి, రెండెముకలూ, వాటి మధ్య మెత్తలా ఉండే గుజ్జూ, ఎముకలను పట్టి ఉంచే నరాల్లాంటి కట్లూ మాత్రం మిగిల్చి, తోమిన గిన్నెలా చేసి పెడతాడు. అద్దాల బీరువాలో పెట్టే కీళ్ళన్నీ అతను చేసినవే. వాటిలోంచి గుజ్జు తీసేస్తే మోకాలు ఎలా ఊగిపోతుందో అతను వందసార్లు చూశాడు. చూసిన ప్రతిసారీ దుర్గమ్మ గుర్తొచ్చింది. కోసిన డాక్టరూ గుర్తొచ్చాడు.

లోపలి నుంచి పద్మలత అంది:

"పెద్దనాయినకు ఫోన్ జేసిన."

అప్పుడు ఆగింది బ్లేడు.

ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎంకయ్య ఓదెలుకు తోడబుట్టిన అన్న. షామీర్‌పేటలో ఉంటాడు. తొంభై ఆరులో ఓదెలు పరీక్షల డ్యూటీలో పడి మూడు రోజులు ఇంటికి రాకపోతే, దుర్గమ్మను ఆసుపత్రికి తీసుకుపోయింది ఎంకయ్యే. కాగితం మీద సంతకం చేసిందీ ఎంకయ్యే. ఆమె పోయిన రోజున ఆ అన్నను ఓదెలు పిడికెడు మట్టి కూడా వెయ్యనివ్వలేదు. పదిమందిలో చెయ్యి పట్టుకుని ఆపాడు. పిడికిట్లోని మట్టిని ఎంకయ్య అక్కడే వదిలేసి, వెనక్కి తిరిగి, బస్టాండు దాకా నడిచి వెళ్ళిపోయాడు. తర్వాత ఆయన కూతురి పెళ్ళికి ఓదెలు పోలేదు. ఆయన గుండెనొప్పికి ఆసుపత్రిలో ఉన్నాడంటే చూడబోలేదు.

పద్మలత మెల్లగా చెప్పుకుపోయింది. ఇంట్లో ఎవరికైనా ఇంతకు ముందు ఇలాంటి ఆపరేషన్ జరిగిందా, తర్వాత ఏమయింది అని డాక్టరు అడిగాడట. నాయినను అడిగితే చంపిన్రు అంటాడు తప్ప ఇంకో ముక్క చెప్పడు. అందుకే దగ్గరుండి చూసినవాడిని రమ్మంది. సాయంత్రం నాలుగింటికి వస్తానన్నాడట.

ఓదెలు మొహం తుడుచుకున్నాడు. చొక్కా వేసుకున్నాడు. డ్యూటీ సంచి భుజానికి తగిలించుకున్నాడు. అందులో పాత పేపరు చుట్టిన స్కాన్ కవరు ఉంది. ఎటు పోతున్నావని బాలేష్ అడగలేదు. అడిగినా చెప్పేవాడు కాదు.

*

కాగితం కోసం పోతున్నాడు.

దుండిగల్ దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో ఫణిభూషణ్ అని ఒక లెక్చరరు ఉన్నాడు. కాకినాడ వైపు మనిషి. బౌరంపేట్ దగ్గర కొత్త కాలనీలో భార్యాబిడ్డలతో ఉంటాడు. మోకాలి కీలు మీద పెద్ద చదువు చదువుతున్నాడు. దానం ఇచ్చిన దేహాల మోకాళ్ళను పై అనుమతులతో ఓదెలు పనిచేసే కాలేజీ నుంచే తీసుకుపోతాడు. వాటిని యంత్రంలో బిగించి, గుజ్జు ఉన్నప్పుడు ఎంత కదులుతాయి, తీసేస్తే ఎంత కదులుతాయి అని కొలుస్తాడు. రెండేళ్ళుగా ఆ మోకాళ్ళను శుభ్రం చేసి ఇస్తున్నది ఓదెలే.

ఆ అంకెలు కాగితం మీద రాయించుకోవాలి. గుజ్జు తీస్తే కాలు కాలు కాదని చదువుకున్నవాడి చేత్తో రాయించుకోవాలి. ఎంకయ్య నోరు తెరవక ముందే దాన్ని కూతురి ముందు పెట్టాలి. అతని ఆలోచన అదీ.

చౌరస్తాలో మూడు షేర్ ఆటోలు కిక్కిరిసి వెళ్ళిపోయాయి. నాలుగోది బాలేష్ నడిపేది.

"ఎక్కు మామా," అన్నాడు బాలేష్. "మాట్లాడకున్నా ఎక్కొచ్చు. మాటలకు వేరే టికెట్ లేదు."

వెనక గంపతో కూర్చున్న ఆడమనిషి నవ్వింది. ఓదెలు నవ్వలేదు. ఎండ చూసుకుని ఎక్కాడు. డ్రైవరు పక్కన సగం సీటే మిగిలింది. అల్లుడి మోచెయ్యి డొక్కలో తగులుతుంటే, ఒళ్ళో సంచి మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. కవరు అంచు సంచిలోంచి బయటికి కనిపిస్తూనే ఉంది. బాలేష్ ఒకసారి దానివైపు చూశాడు. మళ్ళీ రోడ్డు మీదికి చూపు తిప్పుకున్నాడు. గుంజుకుంటాడేమోనని ఓదెలు కాచుకుని ఉన్నాడు. అతను గుంజుకోలేదు.

గండిమైసమ్మ దగ్గర అందరూ దిగిపోయారు. ఇద్దరే మిగిలారు. చాలాదూరం వచ్చాక బాలేష్ అన్నాడు:

"అత్తను నేను సూడలే. నువ్వు జెప్పంగ ఇన్నదే. నువ్వన్నట్టే అయ్యుంటది. గని మామా, పద్మను నేను తానానికి బచ్చలికాడికి ఎత్తుకొని వోతున్న. ఇరవై రోజులాయె. నిన్న ఏమన్నదో ఎర్కనా? అమ్మను గూడ నాయిన గిట్లనే ఎత్తుకున్నడంట, రెండు నెలలు కాలు కింద పెట్టనియ్యలేదంట అన్నది. అని, ఏడ్సింది."

ఓదెలు ఛాతీలో ఒక పాత గర్వం కదిలింది. నిజమే. రెండు నెలలు. పువ్వును చూసుకున్నట్టు చూసుకున్నాడు. వాడకట్టులో ఆడవాళ్ళు మొగుళ్ళను దెప్పడానికి ఓదెలు పేరు చెప్పేవాళ్ళు.

"ఆపు. దిగుత," అన్నాడు.

*

లాబ్ అంటే కాలేజీ వెనక ఒక రేకుల షెడ్డు. మధ్యలో ఇనుప చట్రం. పై ఎముకను పైన బిగిస్తారు, కింది ఎముకను కింద. పక్కన గడియారంలాంటి ముల్లు, ఎముక ఎంత జరిగిందో చూపిస్తుంది.

ఫణిభూషణ్ కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. ఓదెలు కూర్చోలేదు. వచ్చిన పని చెప్పాడు. గుజ్జు తీస్తే మోకాలు ఎంత పాడవుతుందో అంకెలతో సహా ఒక కాగితం మీద రాసిమ్మన్నాడు.

ఫణిభూషణ్ వెంటనే రాయలేదు. టేబుల్ మీది లావుపాటి నోటుపుస్తకాన్ని పక్కకు నెట్టాడు.

"ఆ అంకెలు చెల్లవు ఓదెలు గారూ. ఏడాది పనిని పక్కన పెట్టేశాను. మీకే కబురు చేద్దామనుకుంటున్నాను."

ఓదెలుకు అర్థం కాలేదు.

ఫణిభూషణ్ ఇబ్బందిగానే చెప్పాడు. మెత్తటి భాగం తీసి ఇవ్వమని తను అడిగాడు. ఎంతవరకు తియ్యాలో చెప్పలేదు. బీరువాలో పెట్టే కీలును శుభ్రం చేసినట్టే ఓదెలు అన్నీ ఒలిచి ఇచ్చాడు. కీలు చుట్టూ ఉండే సంచిని కూడా. అలాంటి మోకాలు గుజ్జు తియ్యక ముందే సగం వదులైపోయి ఉంటుంది. గుజ్జు తీసేసరికి పూర్తిగా ఊగిపోతుంది. ఆ ఊపంతా గుజ్జు పోయినందుకేనని తను ఏడాది పాటు రాసుకుంటూ వచ్చాడు. తప్పు తనదేనని, సరిగ్గా చెప్పి ఉండాల్సిందని రెండుసార్లు అన్నాడు.

తప్పు తనదని ఒక మనిషి అంత తేలిగ్గా అనగలగడం ఓదెలుకు వింతగా తోచింది. నచ్చలేదు కూడా.

"చూపిస్తాను, రండి," అన్నాడు ఫణిభూషణ్.

చట్రంలో ముందు ఒక పాత మోకాలు బిగించాడు. ఓదెలు చేతిపని అది. తెల్లగా, నిగనిగలాడుతూ ఉంది. కింది ఎముకను ముందుకు తొయ్యమన్నాడు. ఓదెలు తోశాడు. బందు ఊడిన తలుపులా జరిగింది. ముల్లు గిర్రున తిరిగింది. ఇదే కదా తనకు తెలిసింది.

తర్వాత ఇంకొకటి బిగించాడు. దీనికి తోలూ కొవ్వే తీశారు. కీలు చుట్టూ సంచి అలాగే ఉంది. ముందువైపు తొడకండ కొసను ఒక పట్టుకారుతో పట్టి, తీగ కట్టి, గిలక మీదుగా కిందికి వదిలారు. తీగ కొసకు తూకపురాళ్ళు తగిలించే కొక్కెం ఉంది. ఓదెలు ముట్టుకోవడానికి వెనకాడాడు. ఆ మోకాలు మురికిగా ఉందనిపించింది.

ఖాళీ కొక్కెంతో తొయ్యమన్నాడు. కొంచెం జరిగింది.

కొక్కేనికి రాళ్ళు తగిలించాడు. తీగ బిగిసింది. ఇప్పుడు తొయ్యమన్నాడు. ఓదెలు తోశాడు. భుజం పెట్టి తోశాడు. ముల్లు వెంట్రుకవాసి కదిలి ఆగిపోయింది.

రాళ్ళు తీశాడు. మళ్ళీ జరిగింది. తగిలించాడు. మళ్ళీ నిలబడింది.

"రెంటిలోనూ గుజ్జు లేదు ఓదెలు గారూ," అన్నాడు ఫణిభూషణ్. "మొత్తం తీసేశాం."

ఓదెలు ఎముక మీది నుంచి చెయ్యి తియ్యలేదు.

గుజ్జు తీస్తే ఏమీ కాదా అని అడిగాడు. అవుతుందన్నాడు ఫణిభూషణ్. గుజ్జు బరువును పరుస్తుంది. అది మొత్తం పోతే బరువంతా పావలా బిళ్ళంత చోట పడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఎముక అరుగుతుంది. అందుకే ఈ రోజుల్లో మొత్తం తియ్యరు, చిరిగిన అంచు వరకే తీస్తారు. తను డాక్టరును కానని చెబుతూనే పద్మలత ఫిలింను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు. ఎముకల మధ్య ఇరుక్కున్న చిన్న నల్లటి మడత చూపించాడు. ఇది లోపలే ఉంటే రోజూ ఎముకను గీరుతూ ఉంటుంది, ఆలస్యం చేస్తే నష్టమే తప్ప లాభం లేదన్నాడు.

ఓదెలు వింటున్నది ఫిలిం సంగతి కాదు.

"సారూ, ఒకామెకు గుజ్జు మొత్తం దీసిన్రు. రెండు నెలలకు లేసి నిలవడ్డది. నిలవడంగనే కాలిడిసింది. పడ్డది. గదెట్ల?"

"రెండు నెలలు నిలబడలేదా? ఎందుకండీ?"

"నొప్పికి. ఇంట్లోల్లు నిలవడనియ్యలే."

ఫణిభూషణ్ గిలక మీది తీగను వేలితో మీటాడు. "ఇదిగో, ఇది చచ్చిపోయి ఉంటుంది. తొడకండ. వాడకపోతే వారాల్లో కరిగిపోతుంది. కాలికి బరువు కట్టి ఎత్తించమని ఆసుపత్రిలో చెప్పే ఉంటారే?"

"జెప్పిన్రు," అన్నాడు ఓదెలు.

కాగితం అడగలేదు. ఫిలింను కవర్లో పెట్టుకున్నాడు. టీ తాగి వెళ్ళమని ఫణిభూషణ్ వెనక నుంచి పిలిచినా ఆగలేదు.

*

షెడ్డు పక్కన గోడ నీడ సన్నగా ఉంది. అది జరిగిపోయేదాకా అందులోనే నిలబడ్డాడు. పైన శిక్షణ విమానం ఒకటి గుండ్రంగా తిరుగుతోంది. దాని చప్పుడు పోతోంది, వస్తోంది.

దుర్గమ్మ కాలికి కట్టిన ఖాకీ సంచి గుర్తొచ్చింది. అతని పాత యూనిఫాం ప్యాంటు కాలును కత్తిరించి దుర్గమ్మే కుట్టింది. తన ఇంటి పనికి తెచ్చుకున్న ఇసుకలోంచి ఎంకయ్య రెండు దోసిళ్ళు జల్లించి తెచ్చి నింపాడు. ఆసుపత్రిలో కసరత్తు నేర్పే పిల్ల చెప్పినట్టు చీలమండకు కట్టుకుని, పొద్దున పది, మధ్యాహ్నం పది, సాయంత్రం పది చొప్పున కాలు ఎత్తాలి.

సంచి కట్టిన మూడో రోజు ఓదెలు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆమె కాలు ఎత్తుతోంది. పళ్ళు బిగబట్టింది. నుదురంతా చెమట. ఎంకయ్య పక్కన కూర్చుని లెక్కపెడుతున్నాడు. ఆరు, ఏడు.

ఓదెలు వంగి ముడి విప్పేశాడు.

పది రోజులు ఓర్వాలంట తమ్మీ అన్నాడు ఎంకయ్య. పెండ్లాం నాదా, నీదా అన్నాడు ఓదెలు. ఎంకయ్య నోరు మూసుకున్నాడు. ఓదెలు ఇసుకను తీసుకుపోయి బచ్చలి పక్క గుంతలో పోశాడు.

తర్వాత ఆమె ఎన్నిసార్లు అడిగిందో. ఒక్కపారి నిలవడ్త అనేది. నేనున్న గద అనేవాడు. ఎత్తుకుపోయేవాడు, ఎత్తుకొచ్చేవాడు. తొడ చెయ్యంత సన్నబడింది. గుజ్జు తీసినందుకే అనుకున్నాడు. పొద్దంతా కండల మధ్య బతికినవాడు, ఇంటికొచ్చి ఆ కండను చూడలేదు.

రెండు నెలలకు, అతను ఇంట్లో లేనప్పుడు, ఆమె ఒక్కతే లేచి బచ్చలి మెట్టు దాకా నడిచింది. అక్కడ కాలు వదిలేసింది. తుంటి విరిగింది. తర్వాత నాలుగు నెలలు.

అన్ని నెలల్లో, ఆ తర్వాత ఎనిమిదేళ్ళలో ఎంకయ్య ఆ సంచి మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. మట్టి వెయ్యకుండా చెయ్యి పట్టుకున్నప్పుడు కూడా ఎత్తలేదు.

బస్సులో తిరిగొస్తూ ఓదెలు ఆ విషయం దగ్గరే ఆగిపోయాడు. తను దిగవలసిన స్టాపు దాటిపోయింది.

*

ఇంటికి చేరేసరికి నాలుగున్నర. గడప బయట టైరు చెప్పులు ఉన్నాయి. పక్కన చేతికర్ర. అన్నకు కర్ర వచ్చిందని అతనికి తెలియదు.

ఎంకయ్య గోడవారగా పీట మీద కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. తమ్ముణ్ణి చూసి లేచాడు. తువ్వాల భుజాన వేసుకున్నాడు. బాలేష్ కూర్చోమన్నాడు. షామీర్‌పేట బస్సు మళ్ళీ దొరకదన్నాడు ఎంకయ్య, నేల చూస్తూ.

ఓదెలు గడప మీదే నిలబడ్డాడు. సంచిలోంచి కవరు తీసి పట్టుకున్నాడు. పద్మలత చూపు ఒక్క క్షణం దాని మీద ఆగింది. అయినా ఆమె దాన్ని అడగలేదు. ఆమె ఒళ్ళో ఇంకొకటి ఉంది. ఖాకీదే. తన పాత యూనిఫాం గుడ్డతో కుట్టుకుంది. నోరు ఇంకా కుట్టలేదు.

"ఆపరేషన్ అయిన తెల్లారి సంది కట్టాల్నంట నాయినా. ఇసుక పోసి," అంది. "అమ్మకు గూడ గిసొంటిదే కట్టిన్రని పెద్దనాయిన జెప్పిండు. మూడో రోజు ఇప్పిన్రంట. గందుకే కాలు బలం బోయి పడ్డదంట. ఇప్పిందెవలంటే జెప్తలేడు."

తండ్రి వైపు చూసింది.

"ఎవలిప్పిన్రు నాయినా?"

ఓదెలుకు జవాబు తెలుసు. రెండు అక్షరాలు. అబద్ధం ఆడే అలవాటు లేని మనిషికి అది ఎంతపని. కూతురు తన మొహంలోకే చూస్తోంది. ఎనిమిదేళ్ళుగా నమ్మిన మొహం అది. రేపు తొమ్మిదింటికి ఆమె ఒక్కతే బల్ల మీద పడుకోవాలి. అతని నాలుక ఇంకా అంగిట్లోనే ఉంది.

"నేనే బిడ్డా," అన్నాడు ఎంకయ్య.

తువ్వాలను ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"నొప్పికి ఓర్వలేకపోయింది మీ అమ్మ. సూడలేక నేనే ఇప్పిన. తెల్వకపాయె."

పద్మలత చాలాసేపు ఆయన్నే చూసింది. ఆ చూపులో కోపం వస్తుందని ఓదెలు ఎదురుచూశాడు. రాలేదు. బిగబట్టిన ఊపిరి ఎన్నాళ్ళకో వదిలినట్టు ఆమె భుజాలు దిగాయి.

"అంటే, ఆపరేషన్ జేసినందుకు గాదు."

"గాదు బిడ్డా. నువ్వు భయపడకు. సంచి మాత్రం ఇప్పకు. ఎవలు ఇప్పుతనన్నా ఇప్పనియ్యకు."

"నాయినా, నీకు గీ సంగతి ఎర్కనా?"

"ఎర్కే," అన్నాడు ఓదెలు.

అది అబద్ధం కాదు. అతని నోటి నుంచి వచ్చిన మాటలన్నిటిలోకీ నీచమైనది అదేనని, అన్న మరుక్షణమే అతనికి తెలిసింది.

కవరును మంచం మీద పెట్టాడు. రేపు పొమ్మన్నాడు. తనూ వస్తానన్నాడు. బాలేష్ కవరు తీసుకుని, ఫిలిం చూసుకుని, దాన్ని పటాల వెనక పెట్టాడు. పద్మలత సూదిలో దారం ఎక్కించుకుంటోంది. ఇరవై రోజుల తర్వాత మొదటిసారి ఆమె మొహం తేటగా ఉంది. ఒక్క మాటతో దాన్ని పాడుచెయ్యగల మనిషి ఆ గదిలో ఒక్కడే ఉన్నాడు.

ఎంకయ్య గోడ పట్టుకుంటూ గడప దాకా వచ్చాడు. అప్పటికే ఓదెలు మళ్ళీ గడపలోకి వచ్చి నిలబడి ఉన్నాడు. ఇద్దరి మధ్యా మూరెడు దూరం. ఎనిమిదేళ్ళలో అంత దగ్గరగా నిలబడలేదు. అన్న ఒంటి మీద అదే పొగాకు వాసన.

"పక్కకు జరుగు తమ్మీ. బస్సు వోతది."

ఓదెలు జరగలేదు. రెండు చేతులూ చెరో వైపు దర్వాజా మీద ఆనించాడు. అన్న భుజం మీదుగా కూతురి వైపు చూస్తూ నోరు తెరిచాడు.

ఎంకయ్య వెనక, మంచం మీద సూది ఆగింది.